పెట్టెలో ఏముందండీ?

పోయిన నెల ఈ శీర్షికలో సినిమా దర్శకుడు లూయిస్ బున్యుయెల్ పేరెత్తి, ఆయన సినిమాల్లో మిమ్మల్ని వదలని సన్నివేశం ఏదో రాయమన్నాను. అడిగిన పాపానికి సంచీడు ఉత్తరాలొచ్చాయి. సగం మంది సన్నివేశం చెప్పి ఊరుకోలేదు, "దాని అర్థం మీరే చెప్పాలి" అని నా మెడకు చుట్టారు. చెప్పగలిగింది చెబుతాను. కొత్తవాళ్ళ కోసం రెండు ముక్కలు: 1900లో స్పెయిన్‌లోని కలాందా అనే ఊళ్ళో పుట్టాడు. పారిస్‌లో సర్రియలిస్టుల గుంపులో, అంటే తర్కాన్ని పక్కనబెట్టి కలల్నే కళ చేసే అధివాస్తవికుల్లో కలిశాడు. స్పెయిన్ అంతర్యుద్ధం ఆయన్ని అమెరికాకి తరిమితే అక్కణ్ణుంచి మెక్సికో చేరి అక్కడి పౌరుడయ్యాడు. 1983లో అక్కడే పోయాడు. సినిమాలు ముప్పై పైచిలుకు.

ఇక ఉత్తరాలు.

ప్ర: "ఉన్ షియాన్ ఆందలూ" మొదలై రెండు నిమిషాలైనా కాకముందే ఒకావిడ కన్ను మంగలికత్తితో కోసేస్తారు. నేను ఫోను బోర్లించేశాను. నిజంగానే కోశారా? తర్వాత ఆవిడ ఏమీ కానట్టు తిరుగుతోందేం?

జ: కోశారు. కానీ ఆవిడది కాదు, చచ్చిన దూడ కన్ను. మీద లైట్లు గుమ్మరించి, చర్మం తెల్లగా మనిషి చర్మంలా కనబడేట్టు చేశారు. ఈ సంగతి తెలిసి నలభై ఏళ్ళయినా ఆ షాట్ దగ్గర నా కళ్ళు వాటంతటవే మూతపడతాయి. తెలియడం వేరు, చూడడం వేరు.

ఫోను బోర్లించారు సరే, ఈసారి కోతకు ముందు భాగం నిదానంగా చూడండి. ఒక బొద్దు మనిషి, నోట్లో సిగరెట్టు, కత్తి నూరుకుంటున్నాడు. పదునెక్కిందో లేదో బొటనవేలి గోరు మీద చూసుకుంటాడు. బాల్కనీలోకి వెళ్తాడు. పైన నిండు చందమామ. ఆ మనిషి బున్యుయెలే. తర్వాత ఆమె ముఖం. ఒక చెయ్యి ఆమె కనురెప్పల్ని విడదీస్తుంది. మనం అయ్యో అనేలోపు మళ్ళీ చందమామ దగ్గరికి కట్ చేస్తాడు. సన్నటి మబ్బుతునక ఒకటి చంద్రుడి మీదుగా జారిపోతుంది. హమ్మయ్య, పోలికతో సరిపెట్టాడు, అని ఊపిరి వదులుతాం. అప్పుడు కోస్తాడు. మర్యాదస్తుడైన దర్శకుడెవడైనా మబ్బు దగ్గర ఆగిపోయేవాడు. ఇంకో చిన్న విషయం: కత్తి నూరేటప్పుడు ఆ మనిషి మెడలో టై లేదు, కోసే చోట చారల టై ఉంది. పొరపాటో పంతమో, నేను తేల్చుకోలేదు.

ఈ సినిమా రెండు కలల్లోంచి పుట్టింది. చంద్రుణ్ణి కోసే మబ్బు బున్యుయెల్ కల. అరచేతి నిండా చీమలు చిత్రకారుడు సల్వదోర్ దాలీ కల. ఇద్దరూ ఫిగెరాస్‌లో దాలీ ఇంట్లో కూర్చుని వారం రోజుల్లో స్క్రిప్టు రాసేశారు. పెట్టుకున్న నియమం ఒక్కటే: తర్కంతో వివరించడానికి వీలైన ఏ ఊహా పనికిరాదు. ఎవరైనా ఒకటి చెప్పగానే రెండోవాడు "దీనికి అర్థం ఉంది" అంటే అది చెత్తబుట్టలోకి. డబ్బు బున్యుయెల్ తల్లి ఇచ్చింది. అందులో సగం పారిస్‌లో రాత్రి విలాసాలకే హారతి కర్పూరమైందని ఆత్మకథలో ఆయనే సిగ్గుపడకుండా రాసుకున్నాడు.

ఆవిడ ఎలా తిరుగుతోందంటారా? కన్ను కోసిన వెంటనే తెర మీద అక్షరాలు పడతాయి: "8 ఏళ్ళ తర్వాత". మీరు దాన్ని నమ్మి, గాయం మానిపోయి ఉంటుందని సర్దుకున్నారు కదా? అక్కడే మిమ్మల్ని పట్టుకున్నాడు. కాసేపటికి "16 ఏళ్ళ క్రితం" అని పడుతుంది. చూస్తే అదే గది, అదే మనుషులు, కుర్చీ కూడా కదల్లేదు. తెర మీద తేదీ పడితే చాలు, మనం కథను మన ఖర్చుతో అల్లుకుంటామని ఆయనకు తెలుసు.

1929 జూన్‌లో పారిస్‌లో మొదటి ప్రదర్శన. మూకీ కాబట్టి తెర వెనక గ్రామఫోను పెట్టుకుని తనే ఒకసారి టాంగో, ఒకసారి వాగ్నర్ సంగీతం మార్చి మార్చి వేశాడు. జేబుల్లో రాళ్ళు నింపుకున్నాడట, జనం మీద పడితే తిరిగి విసరడానికి. చివర్లో చప్పట్లు కొట్టారు. రాళ్ళు మెల్లగా కింద వదిలేశాడు.

ప్ర: ఆయన రెండో సినిమాను యాభై ఏళ్ళు నిషేధించారని విన్నాను. అందులో ఏముంది అంత?

జ: పడకగదిలో ఆవు ఉంది. హాస్యమాడటం లేదు. 1930 నాటి "లాజ్ దోర్" అనే సినిమాలో ఒక గొప్పింటి అమ్మాయి తన గదిలోకి వస్తే పరుపు మీద ఆవు పడుకుని ఉంటుంది. కెవ్వుమనదు. "మళ్ళీ ఎక్కావా" అన్నట్టు చిరాగ్గా అదిలించి తోలేస్తుంది, అంతే. దాని మెడలో గంట మాత్రం చాలాసేపు వినబడుతూనే ఉంటుంది. బున్యుయెల్ ఏమిటో తెలియాలంటే కన్ను కోయడం కాదు, ఈ ఆవు దగ్గర మొదలుపెట్టాలంటాను. వింతను వింతగా చూపించడు. ఇంట్లో రోజూ ఉండే బాధల్లో ఒకటిగా చూపిస్తాడు.

నిషేధానికి కారణం ఆవు కాదు లెండి, మతాన్నీ పెద్దమనుషుల్నీ ఎడాపెడా వాయించడం. 1930 డిసెంబర్ 3న స్టూడియో 28 అనే హాల్లో మితవాద సంఘాల వాళ్ళు తెర మీద సిరా చల్లారు, లాబీలో పెట్టిన సర్రియలిస్టు చిత్రాలను చింపేశారు. కొద్ది రోజుల్లోనే పారిస్ పోలీసు అధిపతి షియాప్ సినిమాను ఆపించేశాడు. బున్యుయెల్ మరిచిపోలేదు. 34 ఏళ్ళ తర్వాత, 1964లో "డైరీ ఆఫ్ ఎ చేంబర్‌మెయిడ్" తీసినప్పుడు చివర్లో ఫాసిస్టుల ఊరేగింపు ఒకటి పెట్టి, వాళ్ళ చేత "షియాప్ జిందాబాద్" అని అరిపించాడు. పాము పగ అంటారే, అలాంటిది.

ప్ర: "ది ఎక్స్‌టెర్మినేటింగ్ ఏంజెల్"లో అతిథులు ఇంట్లోకి వస్తారు, మెట్లెక్కుతారు. మరుక్షణం మళ్ళీ అదే గుమ్మంలోంచి వస్తారు, మళ్ళీ మెట్లెక్కుతారు. నా కాపీ పాడైందా?

జ: ఈ ప్రశ్న చదివి చాలాసేపు నవ్వుకున్నాను. ఎందుకో చెప్పనివ్వండి.

కుర్రతనంలో నేనొక ఫిల్మ్ సొసైటీలో ప్రొజెక్టర్ నడిపేవాణ్ణి. జీతం లేదు, సినిమా ఉచితం. ఒక సాయంత్రం ఈ సినిమా 16 ఎం.ఎం. ప్రింటు వచ్చింది. ముందుగా వేసి చూసుకునే తీరిక లేదు, డబ్బాలోంచి తీసి ఎక్కించాను. అతిథులు వచ్చారు. గృహస్థు "లూకాస్!" అని నౌకర్ని పిలిచాడు, ఎవరూ పలకలేదు. అందరూ పైకెళ్ళారు. సరే. మళ్ళీ వచ్చారు. మళ్ళీ "లూకాస్!" నా గుండె జారిపోయింది. ప్రింటు అతికించినవాడెవడో ఒకే ముక్క రెండుసార్లు అతికించాడు, నేను చూసుకోకుండా వేసేశాను, అనుకున్నాను. ప్రొజెక్టర్ ఆపి, లైట్లు వేయించి, నిలబడి "ప్రింటులో లోపం ఉంది, క్షమించండి" అని ప్రకటించాను. హాలంతా గొణుగుడు. కార్యదర్శిగారు నా వంక చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

ఆట అయ్యాక రీలు వెనక్కి చుడుతూ ఆ చోట ఆపి, ఫిల్మును బల్బుకు అడ్డంగా పెట్టి చూశాను. అతుకు లేదు. రెండుసార్లూ కెమెరా కోణం వేరు. అంటే ఆ మనిషి కావాలనే రెండుసార్లు తీశాడు! చెవులు వేడెక్కిపోయాయి. చాలా ఏళ్ళకు ఆయన ఆత్మకథ చదివితే, నాలాంటి మొనగాడు ఇంకొకడున్నాడని తెలిసింది. ఈ సినిమా కెమెరామన్ గాబ్రియెల్ ఫిగెరోవా, మెక్సికోలో అంత పేరున్నవాడు, ప్రింటు చూసి కంగారుగా దర్శకుడి దగ్గరికొచ్చి, ఒక దృశ్యం రెండుసార్లు పడింది, పొరపాటు జరిగింది అన్నాడట. రెండోసారి వేరే కోణంలో తీసింది నువ్వే కదయ్యా, అని బున్యుయెల్ గుర్తుచేయాల్సి వచ్చింది. కాబట్టి మీ కాపీ క్షేమం.

ఆ సినిమా నిండా ఇలాంటివే. గృహస్థు లేచి ఒక శుభాకాంక్ష చెబుతాడు, అందరూ గ్లాసులెత్తుతారు. కాసేపటికి అదే మళ్ళీ చెబుతాడు, ఈసారి ఎవరూ వినరు. ఆ గొంతు మధ్యలో ఎలా నీరుగారిపోతుందో చూడండి. ఇద్దరు పెద్దమనుషుల్ని ఒకరికొకరిని మూడుసార్లు పరిచయం చేస్తారు. ఒకసారి కొత్తవాళ్ళలా, ఒకసారి పాత మిత్రుల్లా, ఒకసారి పుల్లవిరుపుగా. విందులకు పోయేవాళ్ళకు ఇందులో వింతేం కనబడదు.

కథ మీకు తెలుసు: ఒపేరా నుంచి వచ్చిన అతిథులు విందయ్యాక హాల్లోంచి బయటికి పోలేరు. తలుపు మూసి లేదు, కావలివాడు లేడు. గడప దాకా వస్తారు, ఆగుతారు, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరుగుతారు. రోజులు గడుస్తాయి. గోడ పగలగొట్టి గొట్టంలోంచి నీళ్ళు తాగుతారు. దారి తప్పి వచ్చిన గొర్రెల్ని కోసుకు తింటారు. ఎందుకు పోలేరు అని అడగని ప్రేక్షకుడు లేడు. సినిమాలో ఎవరూ ఆ ప్రశ్నకు జవాబివ్వరు. ఆయన బాధ వేరే. ఆత్మకథలో ఈ సినిమా గురించి నొచ్చుకుంటూ ఏం రాశాడంటే, మెక్సికోలో అంత డబ్బున్నవాళ్ళ బల్లకు తగిన మంచి తుండుగుడ్డలు దొరకలేదట. చూపించిన ఆ ఒక్కటీ మేకప్ చేసేవాళ్ళ దగ్గర అరువు తెచ్చిందట. ఎలుగుబంటి ఇంట్లో తిరుగుతుంటే పట్టింపు లేదు, గుడ్డ నాసిరకమైతే మాత్రం నిద్ర పట్టదు!

ప్ర: "బెల్ ద జూర్"లో ఒక ఆసియా మనిషి వేశ్యాగృహానికి చిన్న పెట్టె తెస్తాడు. మూత తీస్తే లోపల ఏదో రొద చేస్తుంది. ఒకమ్మాయి చూసి వద్దంటుంది. కథానాయిక సెవెరీన్ చూస్తుంది, కాదనదు. పెట్టెలో ఏముందండీ? మా ఆయనకూ నాకూ పందెం.

జ: ఇదే ప్రశ్న మరో పదకొండు ఉత్తరాల్లో ఉంది. బున్యుయెల్‌ని కూడా జీవితాంతం ఇదే అడిగారు, ముఖ్యంగా ఆడవాళ్ళు. తనకు తెలియదు కాబట్టి, "మీకేది కావాలంటే అది" అని చెప్పేవాణ్ణని రాశాడు. పందెం డబ్బు ఇద్దరూ చెరిసగం పంచుకోండి.

ప్ర: మా అబ్బాయికి పద్నాలుగేళ్ళు. "లోస్ ఓల్విదాదోస్" పిల్లల సినిమా అని ఎవరో చెప్పారు. చూపించవచ్చా?

జ: పిల్లలున్న సినిమా అమ్మా, పిల్లల సినిమా కాదు. 1950లో మెక్సికో నగరపు మురికివాడల మీద తీశాడు. అందులో పిల్లలు గుడ్డివాడి మీద రాళ్ళు వేస్తారు, కాళ్ళులేనివాణ్ణి బండి మీంచి దించి దోచుకుంటారు, ఒకర్నొకరు చంపుకుంటారు. పేదవాళ్ళు మంచివాళ్ళై ఉంటారన్న ఓదార్పు కూడా ఉండదు. ముందు మీరు చూసి, తర్వాత నిర్ణయించుకోండి. నేనైతే పక్కన కూర్చుని చూపిస్తాను.

మీరు చూసేటప్పుడు పెద్రో కల దగ్గర జాగ్రత్తగా ఉండండి. ఆకలితో పడుకున్న కుర్రాడు. కలలో కోడి ఈకలు మెల్లగా రాలుతుంటాయి. మంచం కింద, చచ్చిపోయిన కుర్రాడు రక్తం ఓడుతూ నవ్వుతున్నాడు. తల్లి తెల్ల గౌనులో, నేల మీద కాదు, మంచాల మీదుగా తేలుతున్నట్టు నడిచి వస్తుంది. ఇద్దరూ మాట్లాడుకుంటారు, పెదవులు కదలవు. ఆ రాత్రి నాకు మాంసం ఎందుకు పెట్టలేదమ్మా, అని అడుగుతాడు. ఆమె వెళ్ళిపోబోతూ వెనక్కి తిరుగుతుంది. చేతుల్లో ఇంత పచ్చి మాంసపు ముద్ద, వేలాడుతూ. గాలి హోరు. వాడు చెయ్యి చాస్తాడు. మంచం కిందనుంచి ఇంకొకడి చెయ్యి వచ్చి లాక్కుంటుంది.

నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ప్రతిసారీ నా కన్ను ఆ తల్లి ముఖం మీదే ఆగుతుంది. పగలంతా కొడుకుని కసిరే మనిషి కలలో మొదటిసారి ప్రేమగా నవ్వుతుంది. ఆ నవ్వు ముఖం మీద ఉండగానే చేతుల్లోది పచ్చిమాంసమని మనకు తెలుస్తుంది. కలలో కూడా ఆ పిల్లవాడికి ప్రేమ, తిండి ఒకే చేతుల్లోంచి రావాలి. రెండూ దక్కవు.

తర్వాతెప్పుడో సంస్కరణ బడిలో పెద్రో కోడిగుడ్డు తీసి నేరుగా కెమెరా మీదికి విసురుతాడు. అద్దం మీద పగిలి కారుతుంది. అంటే మన ముఖాన. ఇంకో కొంటె ఊహ కూడా ఆయనకుండేది: హత్య జరిగే చోట వెనక కనబడే సగం కట్టిన భవనంలో వందమంది వాద్యబృందాన్ని కూర్చోబెట్టి, లీలగా కనిపించీ కనిపించకుండా చూపాలని. నిర్మాత ఒప్పుకోలేదు. మెక్సికోలో నాలుగు రోజులకే సినిమా ఎత్తేశారు, జనం దర్శకుడి మీద మండిపడ్డారు. 1951లో కాన్స్ చలనచిత్రోత్సవంలో ఉత్తమ దర్శకుడి బహుమతి వచ్చాక మళ్ళీ ఆడించారు. బహుమతి వచ్చాక పరువుతీసిన సినిమా పరువు నిలిపిన సినిమా అవడం అక్కడి వింత మాత్రమే కాదు.

ప్ర: మీరు మెచ్చుకున్నారని "విరిదియానా" చూశాను. అందులో అధివాస్తవికత ఏముంది? మామూలు కథే కదా. కొంచెం నిరాశ పడ్డాను.

జ: దాలీ బొమ్మలోలా గడియారాలు కరగలేదని నిరాశ పడినట్టున్నారు. బండి కింద కుక్కను చూశారా?

హోర్హే అనే ఆసామి దారిలో ఒక గుర్రబ్బండి చూస్తాడు. ఇరుసుకు తాడుతో కుక్కను కట్టేశారు. బండి ఎంత వేగం పోతే అది అంత వేగం పరిగెత్తాలి. జాలిపడి బేరమాడి కొనేస్తాడు. విడిపించిన కుక్కను తీసుకుని ఒక మంచి పని చేసినవాడి నడకతో పోతుంటాడు. అతని వెనక, అతను చూడకుండా, ఎదురు దిక్కుగా ఇంకో బండి పోతుంది. దాని కింద ఇంకో కుక్క. అంతే, కెమెరా ఆగదు, సంగీతం రాదు. సినిమాలో కరుణ మీద ఉన్న వాదమంతా ఆ ఐదారు సెకన్లలో ఉంది. మీరు అప్పుడు చేతి గడియారం చూసుకుని ఉంటే పోయినట్టే.

ముష్టివాళ్ళ విందు మీరు తప్పించుకుని ఉండరు. యజమానులు లేని ఇంట్లో చేరి, తెల్లటి లేసు గుడ్డ పరిచిన బల్ల మీద తాగి తందనాలాడతారు. ఫొటో దిగుదామంటారు. గుడ్డివాడు మధ్యలో, అటూ ఇటూ మిగతావాళ్ళు. ఉన్నట్టుండి అందరూ బిగుసుకుంటారు, అది దావిన్చి "చివరి విందు" అయిపోతుంది. ఫొటో తీస్తానన్న ఆవిడ దగ్గర కెమెరా లేదు. మా అమ్మానాన్నలు ఇచ్చిన కెమెరా అంటూ గౌను ఎత్తేస్తుంది. నవ్వాలో దడుచుకోవాలో తేలేలోపు ఆట మళ్ళీ మొదలవుతుంది.

1961లో కాన్స్‌లో పెద్ద బహుమతి మరో సినిమాతో పంచుకుంది. అందుకోవడానికి వేదికెక్కిన స్పెయిన్ సినిమా శాఖ అధికారి ఉద్యోగం పోగొట్టుకున్నాడు, ఎందుకంటే వాతికన్ పత్రిక సినిమా మీద నిప్పులు చెరిగింది. స్పెయిన్‌లో 1977 దాకా ఆడలేదు. దీని ముగింపు సంగతి మరీ తమాషా. మొదట రాసిన ప్రకారం, ఆశ్రమం వదిలేసిన కథానాయిక విరిదియానా రాత్రి హోర్హే గది తలుపు తడుతుంది, తలుపు మూసుకుంటుంది. సెన్సారు వారు ఛీ అన్నారు. సరే అని బున్యుయెల్ మార్చాడు: ఆమె వస్తుంది, లోపల అప్పటికే పనిమనిషి ఉంటుంది, ముగ్గురూ బల్ల చుట్టూ కూర్చుని పేకాడతారు. సెన్సారు సంతృప్తి పడింది. ఇద్దరున్న గదిని ముగ్గురి గది చేయించింది వాళ్ళే!

ప్ర: "ది ఫాంటమ్ ఆఫ్ లిబర్టీ"లో మరుగుదొడ్ల మీద కూర్చుని కబుర్లు చెప్పుకునే సన్నివేశం రోత పుట్టించింది. ఇందులో కళ ఏమిటి?

జ: రోత మీకు, మర్యాద వాళ్ళకు. అక్కడ ఎవరూ అసభ్యంగా ప్రవర్తించరు, అదే గమ్మత్తు. బల్ల చుట్టూ కమోడ్ల మీద కూర్చుని ఎంత నాగరికంగా మాట్లాడుకుంటారు! ఒక చిన్నపిల్ల "అమ్మా, ఆకలి" అంటే, బల్ల దగ్గర అలాంటి మాటలనకూడదని తల్లి మందలిస్తుంది. ఒకాయన లేచి, పనిమనిషిని రహస్యంగా భోజనాల గది ఎక్కడని అడిగి, ఇరుకు గదిలో గడియ పెట్టుకుని ఒక్కడే గబగబా తింటాడు. ఎవరో తలుపు తడితే "ఉన్నారు" అంటాడు. ఒక్క మాట, ఒక్క ముఖకవళిక తేడా లేదు, గదులు మాత్రమే తారుమారు.

నాకు ఇంతకంటే ఇష్టమైనది అందులోనే ఉంది. బడిలో పిల్ల తప్పిపోయిందని తల్లిదండ్రులకు కబురు. పరిగెత్తుకొస్తారు. పిల్ల అక్కడే ఉంది, "నేనిక్కడే ఉన్నా" అంటుంది. నువ్వుండవే, పెద్దవాళ్ళం మాట్లాడుకుంటున్నాం! పోలీసు స్టేషనుకు ఆ పిల్లనే వెంటబెట్టుకుపోయి ఫిర్యాదు ఇస్తారు. అధికారి ఆ పిల్లనే ఎదురుగా పెట్టుకుని ఎత్తు, కళ్ళ రంగు రాసుకుంటాడు. పిల్లను తీసుకొచ్చి మంచి పని చేశారని మెచ్చుకుంటాడు. ప్రభుత్వ కార్యాలయంలో ఒక్కసారైనా దరఖాస్తు పెట్టుకున్నవారికి దీని అర్థం నేను చెప్పక్కర్లేదు.

ప్ర: ఆస్కార్ వచ్చిందా ఆయనకు?

జ: 1972 నాటి "ది డిస్క్రీట్ చార్మ్ ఆఫ్ ది బూర్జువాజీ"కి, విదేశీ చిత్రంగా. ముందుగా విలేకరులు వస్తుందా అని అడిగితే, వాళ్ళడిగిన 25,000 డాలర్లూ ఇచ్చేశానని అన్నాడట. అది పత్రికల్లో అచ్చయి, గోల గోలైంది. తీరా బహుమతి వచ్చాక, అమెరికావాళ్ళలో లోపాలున్నా మాట మీద నిలబడతారని మెచ్చుకున్నాడు.

ప్ర: "దట్ అబ్‌స్క్యూర్ ఆబ్జెక్ట్ ఆఫ్ డిజైర్"లో కథానాయిక కొంచిత వేషం ఇద్దరు వేశారని మా స్నేహితురాలు చెప్పింది. నేను సినిమా మొత్తం చూశాను, ఒక్కరే అనుకున్నాను. నా కళ్ళకు ఏమైంది?

జ: నాకైందే మీకూ. మొదటిసారి చూసినప్పుడు సగం దాకా నాకూ తెలియలేదు. కరోల్ బూకే సన్నగా, చల్లగా ఉంటుంది. ఆంఖెలా మొలీనా నవ్వితే గది వేడెక్కుతుంది. పోలికే లేదు. ఒకామె తలుపు తీసుకుని వెళ్తే రెండో ఆమె బయటికొస్తుంది. ఇద్దరికీ ఒకే గొంతు డబ్బింగ్ చెప్పించారు. చెవి ఒకరే అంటుంటే కన్ను సరే అని ఊరుకుంటుంది. పైగా ఫెర్నాందో రే పాత్ర మథ్యూ కూడా తేడా గమనించడు. కోరికతో కళ్ళు మూసుకుపోయిన మనిషి వెంట రెండు గంటలు నడిస్తే మన కళ్ళూ అంతే.

ఇది ముందే వేసుకున్న ఎత్తు కాదు. మొదట మరియా ష్నైడర్‌తో తీయడం మొదలుపెట్టారు, పొసగలేదు, సినిమా ఆగిపోయేట్టుంది. నిర్మాతతో బార్‌లో దిగులుగా కూర్చున్నప్పుడు, ఒకే పాత్రను ఇద్దరి చేత వేయిస్తే, అని బున్యుయెల్ నోట్లోంచి వచ్చింది. ఆ పూట ముందున్నది ఆయనకు ప్రాణమైన డ్రై మార్టినీ అని నా నమ్మకం.

ప్ర: అదే సినిమాలో మథ్యూ గోనెసంచి ఒకటి భుజాన వేసుకుని తిరుగుతుంటాడు. ఖరీదైన సూటు, మీద గోనెసంచి! ఎందుకో చెప్పరు. పెట్టె సంగతి దాటేసినట్టు ఇదీ దాటేయకండి.

జ: దాటేయను. ఎందుకంటే ఈ ఒక్కసారికి ఆయన సంచి విప్పి చూపించాడు.

1977. ఆయనకు 77 ఏళ్ళు, వినికిడి ఏనాడో పోయింది, ఇదే చివరి సినిమా. పారిస్‌లో పైకప్పున్న దుకాణాల వీధి. మథ్యూ, కొంచిత నడుచుకుంటూ వచ్చి ఒక దుకాణం అద్దం ముందు ఆగుతారు. అద్దం వెనక ఒక స్త్రీ కూర్చుని ఉంది. పక్కన అదే గోనెసంచి. అందులోంచి ఒక్కొక్కటే బట్టలు తీస్తుంది. తెల్లటి లేసు వస్త్రం ఒకటి బయటికి వస్తుంది, చిరిగి, రక్తం అంటుకుని. దాన్ని చట్రానికి బిగిస్తుంది. సూది తీసుకుంటుంది. కెమెరా ఆ చేతుల దగ్గరికి పోతుంది. లౌడ్‌స్పీకర్‌లో వాగ్నర్ సంగీతం మోగుతోంది, ఇవతల వీళ్ళిద్దరూ ఏం మాట్లాడుకుంటున్నారో మనకు వినబడదు. సూది లోపలికి, దారం బయటికి, చిరుగు అంచులు దగ్గరకొస్తున్నాయి. ఎవరి రక్తం, ఎప్పుడు చిరిగింది, సంచిలోకెలా వచ్చింది, ఏదీ లేదు. తన జీవితంలో ఆఖరుగా తీసిన దృశ్యం ఇదేననీ, ఎందుకో చెప్పలేను గాని ఇది తనను కదిలిస్తుందనీ ఆత్మకథలో రాశాడు. సినిమా అంతటా అక్కడా ఇక్కడా బాంబులు పేలుతూనే ఉన్నాయి కదా, మనం అలవాటు పడిపోయాం. ఆవిడ కుట్టు పూర్తి చేసి, దారం ముడి వేస్తుంది. జంట కీచులాడుకుంటూ నాలుగడుగులు వేస్తారు. అప్పుడు ఆ వీధి పేలిపోతుంది.